రెండో పిలుపుకి పలికే మనిషి కోసం చోడవరం పాత సినిమా హాలుకి

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాజీ టైపు చేస్తోంది. ఈ తగువులో ముద్దాయి కూడా అదే కాబట్టి, ఎక్కడ తనకు అనుకూలంగా తిప్పి రాస్తుందోనని ప్రతి ముక్కా మళ్ళీ చదివించుకుని విన్నాను. నా యాసని సాపు చేసి రాయమన్నాను, ఎవరెవరు ఏమన్నారో అది మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. మీ ఇంట్లో పిల్లలెవరైనా మీ గొంతు ఫోనులో పట్టుకుపోయి వాళ్ళ సంగీతంలో కలిపేస్తే, రేపు మీరూ ఇలాంటి ప్రయాణమే కట్టాల్సి రావచ్చు. అందుకని దారి, తిండి, తగువు అన్నీ వరసగా చెబుతాను.

రాజీ నా పెద్దకొడుకు కూతురు. వాళ్ళు గాజువాకలో స్థిరపడ్డారు. అది పగలు ఆఫీసులో కూర్చుంటుంది, సాయంత్రం డ్రమ్ములు వాయిస్తుంది. వాళ్ళ జట్టుది మెటల్ అనే సంగీతం. రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతుంటే, ఆ కప్పు కింద ఎవడో గొంతు చించుకుని పోట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతు చించుకునేవాడి పేరు గోపి. ఈ మధ్య వీళ్ళతో జోసెఫ్ మాస్టారి జట్టు కలిసింది. వాళ్ళది జాజ్, అందులోనూ ముందుగా కట్టుకున్న వరస అంటూ లేకుండా, పక్కవాడు వాయించేది విని అప్పటికప్పుడు దారి వెతుక్కునే రకం. మాస్టారు సాక్సోఫోన్ ఊదుతారు. ఈ రెండు జట్లూ కలిసి ఒకే రికార్డు చేస్తున్నాయి, పూర్వం పెళ్ళి పందిళ్ళలో మైకు సెట్టు వాళ్ళు తిప్పేవారే, పళ్ళెమంత నల్లటిది, అలాంటిది. విశాఖలో ఎక్కడ వాయించినా అపార్టుమెంటు వాళ్ళొచ్చి తలుపులు బాదుతున్నారని, చోడవరంలో మూతపడిన సినిమా హాలొకటి అద్దెకు తీసుకున్నారు. రాజీ ఆఫీసుకి సెలవు పెట్టి అక్కడే ఉంటోంది.

ఆ రికార్డులో నా గొంతు ఉంది. మా ఆయన బతికుండగా, ఒక ఏడు చెరకు నరుకుళ్ళప్పుడు రాజీ మా ఊరొచ్చి ఫోనులో పట్టుకుంది. మా వైపు నా ఈడు ఆడవాళ్ళం పెనిమిటి పేరు పలకం. ఇంట్లో అయితే "ఇదిగో" అంటే సరిపోతుంది. చెరకు తోటలో అలా కుదరదు. మనిషిని మించిన పైరు, రెండు గజాల దూరంలో ఉన్నా కనపడడు, పైగా "ఇదిగో" అంటే తోటలో ఉన్న మగాళ్ళంతా తలలెత్తుతారు. అందుకని ఒక్కొక్క ఇల్లాలికీ ఒక్కో కూత ఉండేది. నాది "ఓ...హోయ్యో" అని చివర పైకి ఎగరేసే కూత. దానికి ఆయన ఒక్కడే పలికేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో మొదలైన ఆ కూతే నాకు ఆయన పేరు.

అయితే మొదటి పిలుపుకి పలికిన పాపాన పోలేదు ఏనాడూ. రెండోసారి పిలవాల్సిందే. అన్నం చల్లారిపోతోందన్న మంటతో రెండోది ఇంకా గట్టిగా, ఇంకా పైకి లేచేది. చెవిటి మాలోకం అని ఊరంతా చాటాను. అనకాపల్లి తీసుకెళ్ళి చూపించాను కూడా. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. అయితే లోపం నీ చదువులో ఉందని ఆ డాక్టర్నీ కడిగేసి వచ్చాను.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఫొటోలున్నాయి. గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు. ఫోనంటే ఆయనకి పడేది కాదు, చేతిలో పెడితే వేడి పెనం ముట్టుకున్నట్టు నాకు ఇచ్చేసి అవతలికి పోయేవాడు. రాజీ పట్టుకున్న ఆ ఒక్క ముక్కలోనే నా కూతకి ఆయన పలికిన పలుకు ఉండాలి. అందుకే, రికార్డు సగం తయారైంది విను మామ్మా అని అది పంపితే, చిన్నకోడలి ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. నా మొదటి పిలుపు వచ్చింది. వెంటనే సాక్సోఫోన్ కీచుమంది, దాని మీద డ్రమ్ములు పడ్డాయి. నా రెండో పిలుపు వచ్చింది. ఆ వెంటనే గోపి గర్జించాడు. ఇంకేమీ లేదు. చిన్నకోడలి చేత రాజీకి ఫోను చేయించాను.

"మీ తాత ఏడే?"

"ఏటి మామ్మా?"

"రెండుసార్లు పిలిసేను. ఆయన పలకాల. పలికినోడు ఎవుడు?"

"గోపి మామ్మా."

"గోపిని నానెందుకు పిలుస్తానే గుంటా?"

అది నవ్వింది. నేను నవ్వలేదు. ఇంకో వారంలో రికార్డు అచ్చుకి పంపేస్తారట. అచ్చు పడిపోతే ఆయన జాగాలో గోపి ఉండిపోతాడు. అందుకని, వస్తున్నానని రాజీకి చెప్పేసి, మర్నాడు పొద్దున్నే బయల్దేరాను, ఒక్కదాన్నే. కొడుకులు తోడొస్తే "పోన్లే అమ్మా" అంటారు. తగువుకి వెళ్ళేటప్పుడు పోన్లే అనేవాళ్ళని వెంట పెట్టుకోకూడదు.

మా ఊరి నుంచి వడ్డాదికి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. పొద్దున్న ఏడింటికల్లా వడ్డాది జంక్షన్‌లో ఉంటే మాడుగుల వైపు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సు దొరుకుతుంది. సంత రోజు మాత్రం పెట్టుకోకండి, కోళ్ళ గంపలకీ కూరగాయల మూటలకీ పోగా మనకి ఒంటికాలు చోటే మిగులుతుంది. ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బులు లేవు, కానీ ఆధార్ కార్డు ఉండాలి. కండక్టరమ్మాయి నా కార్డు తిప్పి తిప్పి చూసింది.

"ఇది నువ్వేనా మామ్మా? ఫొటోలో ఇంత కోపంగా ఉన్నావేటి?"

"ఇప్పుడు ఇంకా కోపంగా ఉన్నాను. బండి తోలించు."

"ఎవరి మీదకే?"

"నా పెనిమిటి గొంతు తుడిసేసినోళ్ళ మీదకి."

ఆ పిల్లకి ఏం అర్థమైందో గానీ, డ్రైవరు వెనక సీటులో కూర్చున్న ఒక కుర్రాణ్ణి లేపి నన్ను కూర్చోబెట్టింది. మామూలుగా ముప్పావు గంటలో చోడవరం చేరిపోవాలి. చెరకు ఆడించే క్రషింగ్ రోజులు కావడంతో, ఊరు దగ్గరపడేకొద్దీ గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డం పడ్డాయి, గంట పైనే పట్టింది. మీరు శీతాకాలంలో వెళితే ఆ ఆలస్యం లెక్కలో వేసుకోండి. ముందు పోతున్న ట్రాక్టరు మీద మోపులు ఊగుతుంటే ఎండుటాకు గరగరలాడింది. బస్సు కిటికీ మూసేసుకున్నాను.

చోడవరం బస్టాండు ఎదురు సందులో ఒకామె బండి మీద టిఫిను పెడుతుంది. ఇడ్లీ ముప్పై రూపాయలు, పల్లీ చట్నీ అడిగినంత వేస్తుంది. తగువుకి ఖాళీ కడుపుతో పోకూడదు కాబట్టి అక్కడ ఆగాను. తింటూ పాత సినిమా హాలు ఎటని అడిగాను.

"ఏది, ఆ అరుపుల హాలా? నీకెందుకు మామ్మా అక్కడికి?"

"నా మనవరాలుంది అందులో. డబడబా కొట్టేది అదే."

"అలగా! మొన్న ఆళ్ళకి టిఫిన్లట్టుకెల్లేను. ఒక పెద్దాయన బూర ఊత్తన్నాడు. సగంలో ఆపేసి నాకేసి అలగే సూసేడు. ఎలగుందని అడుగుతాడేమోననుకున్నాను. సట్నీ ఏదమ్మా అన్నాడు."

"ఎలగుందేటి మరి?"

"తెలవదు. గానీ ఇంటికెల్లినాక కూడా సెవుల్లో ఉండిపోనాది."

హాలు అక్కడికి దగ్గరే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా నడిచిపోవచ్చు. లోపల కుర్చీలన్నీ పీకేశారు. గోడలకి పీచు చాపలు కొట్టారు. చిరిగిన తెర మాత్రం అలాగే వేలాడుతోంది, దాని ముందు నేలంతా పాముల పుట్టలా వైర్లు. నడుం దాకా జుట్టు, నల్ల చొక్కా మీద పుర్రె బొమ్మ ఉన్న మనిషి ఎదురొచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"గోపినండి మామ్మగారూ," అన్నాడు. కొత్త పెళ్ళికూతురు పేరు చెప్పుకున్నట్టు చెప్పాడు.

"ఆ గాండ్రించేది నువ్వేనా బాబూ? మాటాడితే కోడిపిల్లంత గొంతు కూడా లేదు గదరా."

"దాచుకుంటానండి. మాటలకి ఖర్చు పెడితే పాటకి ఉండదు."

పక్కనే జోసెఫ్ మాస్టారు, తెల్లటి జుట్టు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో సాక్సోఫోన్. గాజు గది లోపల మిషన్ దగ్గర రికార్డింగ్ అబ్బాయి. రాజీ డ్రమ్ముల వెనక నుంచి నన్ను చూసి, తప్పు చేసిన పిల్లలాగా కాకుండా, ఎదురుచూస్తున్న పిల్లలాగా పరిగెత్తుకొచ్చింది. అప్పుడర్థమైంది, వీళ్ళు నన్ను పోట్లాటకి వచ్చానని అనుకోవడం లేదు. ఫోనులో పట్టుకున్న గొంతు గరగరలాడుతోంది, మామ్మ ఎలాగూ వస్తోంది కాబట్టి మళ్ళీ కొత్తగా కూయించి పట్టుకుందామని ఏర్పాట్లన్నీ చేసి ఉంచారు. నేను నోరు తెరిచేలోగా నన్ను తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టేశారు.

"ఇప్పుడు పిలవండమ్మా," అన్నారు మాస్టారు. "తోటలో ఎలా పిలిచేవారో అలాగే."

"ఎవర్ని?" అన్నాను.

గాజు గదిలో అబ్బాయి చెవుల మీద పెట్టుకున్నవి తీసేశాడు.

"మీరు అరుపు అనుకుంటన్నారు బాబూ," అన్నాను. "అరుపు కాదది. పేరు. నా నోటితో పలకడానికి లేని పేరు. నానొకసారి పిలిస్తే పలకడు, రెండోసారికి పలుకుతాడు. మీరు నా పిలుపులు రెండూ ఉంచేరు, ఆయన పలుకు తీసీసేరు. అంటే ఏటి? ముసిల్ది గాలితో మాటాడతందనా?"

మాస్టారు మర్యాద గల మనిషి. మెల్లగా అన్నారు, "తీసెయ్యాలని కాదమ్మా. మీ పిలుపుకీ పిలుపుకీ మధ్య కాస్త జాగా ఉంది. అందులో నా సాక్సోఫోన్ మీకు జవాబు చెబుతోంది."

"నాను నీ పెళ్ళాన్నా నువ్వు జవాబు సెప్పడానికి?"

రాజీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోపి అటు తిరిగిపోయాడు, వీపు ఊగుతోంది. మాస్టారు మాత్రం తల వంచి, "కాదమ్మా, పొరపాటే," అన్నారు. ఆ ఒక్క మాటకి నా సగం కోపం దిగిపోయింది. పాడు మనుషులు కారు వీళ్ళు.

అప్పుడు బయటపడిన సంగతి ఏమిటంటే, ఆ జాగా కోసం రెండు జట్లకీ అంతకు ముందు నుంచే తగువట. మాకు కావాలని జాజ్ వాళ్ళు, మాకు కావాలని మెటల్ వాళ్ళు. చివరికి మొదటి పిలుపు తర్వాత వీళ్ళు, రెండో పిలుపు తర్వాత వాళ్ళు అని చెరువు కింద నీళ్ళు పంచుకున్నట్టు పంచుకున్నారు. ఆ జాగాలో ముందే ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ తోచలేదు, ఆ రోజు ఫోనులో పట్టుకున్న రాజీకి కూడా. మిషన్ దగ్గర అబ్బాయి చెప్పాడు, రెండో పిలుపు తర్వాత ఒక పెద్ద చప్పుడుంది, మైకు పగిలిపోయినట్టు వచ్చింది, అందుకని తీసేశాను, మొదటి పిలుపు తర్వాత ఏవో మాటలున్నాయి, అవీ తీసేశాను అని.

"అసల్ది ఉందా లేదా?" అన్నాను. ఇంత దూరం కోపం మీద వచ్చాను గానీ, లేదంటే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

"ఉంది మామ్మా," అంది రాజీ. "నేను పట్టింది పట్టినట్టే ఉంది."

వేశారు. ముందు ఎండుటాకు గరగర. ఆ తర్వాత ఎక్కడో చాలా దూరం నుంచి నా కూత వచ్చింది. నేను అంత దూరంలో ఉన్నానేమిటి అనుకున్నాను. అప్పుడు తెలిసింది, ఫోను నా దగ్గర లేదు, రాజీ ఆ రోజు తాత దగ్గర నిలబడి పట్టుకుంది. నేను విన్నది ఎప్పుడూ గట్టు మీద నుంచి. ఇది తోట లోపలి నుంచి. నా కూత ఆకుల మీద నుంచి వచ్చి ఆగిపోయింది. వెంటనే చెవి పక్కనే ఆయన గొంతు, చిన్నగా, నవ్వు ఆపుకుంటూ:

"ఉష్... పలక్కే గుంటా. మళ్ళీ పిలుస్తాది సూడు. రెండోది ఇంకా బాగుంటాది."

మళ్ళీ గరగర. మళ్ళీ నా కూత, మంట మీద ఉన్న కూత. అప్పుడు ఆయన పలికాడు, "ఓ...య్, వస్తన్నానే!" అని, హాలు గోడలు అదిరేటట్టు.

"మళ్ళీ ఎయ్యి," అన్నాను. మళ్ళీ వేశారు. ఇంకోసారి వెయ్యమన్నాను.

ఎన్నేళ్ళు! గొంతు పోతోందని తిట్టుకుంటూ, కూర చల్లారిపోతోందని మండిపడుతూ పిలిచిన పిలుపది. ఆ మనిషి చెరకాకుల మధ్య కత్తి కింద పెట్టి, చెవులొగ్గి వినేవాడన్నమాట. నేను కోపంతో కూసింది ఆయనకి బాగుండేదట.

"ఓలమ్మో, ఎంత దొంగోడే మీ తాత!" అన్నాను. కళ్ళు తుడుచుకున్నానని రాజీ ఇక్కడ రాస్తానంటోంది. వైర్ల మీద దుమ్ము పట్టి ఉంది, అది కూడా రాయమన్నాను.

"నీకు తెలుసేటి ఇది?" అని దాన్ని నిలదీశాను.

"నేనక్కడే ఉన్నాను గదా మామ్మా. తాత ఎప్పుడూ అంతే అనుకున్నాను. నీకు తెలీదని నాకెలగ తెలుస్తాది?"

ఇంతలో అసలు గొడవ వాళ్ళలో వాళ్ళకి మొదలైంది. ఆ పలుకు విన్నప్పటి నుంచీ గోపి ఒక చోట నిలబడలేకపోతున్నాడు. "మైకు పగిలింది అంటావేటిరా, మేం డబ్బులిచ్చి మరీ మా గొంతులు ఇలాగ పగిలినట్టు చేయించుకుంటాం! తాత గొంతు ముందు నాదెంత? తాత మావోడు," అంటాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "పలికింది కాదు గోపీ, పలక్కుండా ఆగింది చూడు. ముప్పై ఏళ్ళుగా ఎక్కడ ఊదకూడదో నేర్చుకుంటున్నాను, నాకింకా రాలేదు. ఆయన మా వాడు," అంటారు.

"ఆయన మీ ఇద్దరోడూ కాదు, నావోడు," అన్నాను. "అప్పుదెచ్చుకున్నట్టు కాసేపు వాడుకోండి."

రాజీ నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది, "మామ్మా, ఆ గుసగుస నీదీ తాతదీ సొంత సంగతి. అది తీసేద్దాం. పలుకు మాత్రం పెడతాం. నువ్వు అడిగింది అదే గదా."

నిజమే, నేను అడిగింది అదే. ఆ గుసగుస నాకు మాత్రమే ఉంచుకోవచ్చు, ఫోనులో వేయించుకుని రోజూ వినొచ్చు. వాళ్ళు టీ తెప్పించారు, తాగాను.

"వద్దు," అన్నాను. "ఊరందరికీ సెవిటోడని సెప్పేను. సెవిటోడు కాడు, దొంగ. నా మొదటి పిలుపులన్నీ దొంగిలించేడు. ఊరికి తెలవాల. ఉంచు."

"అంతసేపు మేం ఊరుకోవాలా?" అంది రాజీ. "డ్రమ్స్ ముందు కూర్చుని ఊరికే ఉంటే నా చేతులు దురదెడతాయే."

"మీ తాతకి పెట్టలేదేటి?"

అప్పుడు అందరూ కలిసి మొదటి నుంచి వాయించారు. మాస్టారు దారి తప్పిన మేకలాగా ఊదుతున్నారు, గోపి రంకెలు, రాజీ వడగళ్ళు. ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు. నా కూత వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఆకుల గరగర, ఆ దొంగ మాట. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. రాజీ పుల్లలు రెండూ గాల్లోనే పట్టుకుని ఉంది. నా రెండో పిలుపు, ఆయన "వస్తన్నానే", దాని తోక పట్టుకుని అందరూ ఒక్కసారే విరుచుకుపడ్డారు. ఆ వడగళ్ళు అప్పుడు నచ్చాయి నాకు. మనిషి నిజంగా వస్తున్నట్టుగా ఉంది.

బయల్దేరబోతుంటే గోపి అడిగాడు, రికార్డు అట్ట మీద పాల్గొన్నవాళ్ళ పేర్లు వేస్తారట, తాత పేరేమిటని. రాజీ నోరు తెరిచి నా కేసి చూసి ఆగిపోయింది.

"రాసుకోండి," అన్నాను. "నాను పలకకూడదు గానీ, మీరు రాత్తే నాకేటి? నాకు సదవడం రాదు గదా."

మధ్యాహ్నం దాటాక చోడవరం నుంచి మాడుగుల వైపు బస్సులు బాగానే ఉంటాయి. వెలుగుండగానే వడ్డాదిలో దిగాను. ట్రాక్టర్లు అప్పుడూ అడ్డం పడ్డాయి, తొందర మాత్రం లేదు నాకు. ఆయన పోయిన దగ్గర్నుంచీ, నన్ను సరిగ్గా వినని మనిషితో బతుకంతా గడిపానని నాలో ఒక చిన్న ఫిర్యాదు ఉండేది. మంచివాడే, కష్టపడేవాడే, కానీ పిలిస్తే పలకడు అని. ఆ ఫిర్యాదు ఇప్పుడు చెల్లదు. దాని బదులు ఇంకోటి వచ్చింది. ఇంత బాగా వింటున్నవాడు ఆ మాట నాతో ఒక్కసారైనా అనొచ్చు కదా అని. ఇది పాతదాని కంటే పెద్ద ఫిర్యాదు, కానీ మోయడానికి తేలిగ్గా ఉంది. రికార్డు వచ్చాక మా ఊరి రచ్చబండ దగ్గర మైకు సెట్టు పెట్టించి వినిపిస్తాను. చెవులు మూసుకునేవాళ్ళు మూసుకోవచ్చు, ఆ కాస్త జాగా దగ్గర మాత్రం తెరవాలి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఫోనులో ఉన్న మీ వాళ్ళ గొంతుని బాగు చేయించడానికి ఎవరికిచ్చినా, ముందు అసలుది ఉన్నది ఉన్నట్టుగా ఇంకో ఫోనులోకి ఎక్కించి, అప్పుడు ఇవ్వండి. గరగర ఉంటే ఉండనివ్వండి.